పన్నెండు శాతం

అక్టోబర్ 7, మంగళవారం

జనవరిలో యూనియన్ వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ఏడాది అయిపోవస్తున్నా ఒక్క పేజీ రాయలేదు. ఇవాళ తీశాను. కారణం ఏమీ లేదు.

బాయిలో, అంటే బొగ్గు గనిలో, రోజూ రిపోర్టు రాస్తాను. ఎక్కడ గ్యాస్ ఎంత ఉంది, పైకప్పు ఎట్లా ఉంది, ఎంతమంది దిగారు. మైనింగ్ సర్దార్ అన్నవాడు అందరికంటే ముందు పోయి గాలి చూడాలి. బాగుంటేనే మనుషులను పనిలోకి పిలవాలి. ఆ రిపోర్టులో నా గురించి రాసే చోటు ఉండదు. అవసరమూ పడలేదు.

మూత్రానికి మాటిమాటికీ పోవలసి వస్తోంది. వానాకాలం నుంచి ఉంది. మొన్న బొగ్గు దగ్గర పని నడుస్తుండగా మళ్ళీ పక్కకు పోయి వస్తుంటే కొమురెల్లి అందరి ముందే అన్నాడు.

“సంపుల నీళ్ళు ఊకె నిండుతున్నయ్ అంటే ఊట అనుకున్నం అన్నా. నువ్వేనా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొమురెల్లి నా జట్టులో చాలాకాలంగా ఉన్నాడు, ఆ మాత్రం చనువు ఉంది. షిఫ్టు దిగి దీపాలు అప్పగించేటప్పుడు మాత్రం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“మజాక్ చేసిన గని, దవాఖానల చూపించుకో అన్నా. మా కాకకు గిట్లనే అయితే షురువుల పట్టించుకోలె.”

ఆ కాకకు ఏమైందో నేను అడగలేదు.

అక్టోబర్ 9, గురువారం

కంపెనీ దవాఖానలో చూపించాను. రక్తం తీశారు. మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుందట, వయసు మీద పడితే మగవాళ్ళకు అది పెరుగుతుందట. నాకు యాభై ఏడు. పెరిగే వయసే.

నా భార్య జమునకు చెప్పలేదు. రక్తపరీక్షే కదా, ఇంట్లో చెప్పడానికి ఏముంది.

అక్టోబర్ 13, సోమవారం

పి.ఎస్.ఏ. అనే లెక్క 5.6 వచ్చింది. నాలుగు లోపల ఉండాలట.

“నాలుగు దాటితే క్యాన్సరా సార్?” అన్నాను.

“అట్ల కాదు. గ్రంథి పెద్దగైనా పెరుగుతది, వాచినా పెరుగుతది. నెల ఆగి మళ్ళ చేద్దాం. అప్పటిదాక ఫికర్ పెట్టుకోకు.”

పెట్టుకోలేదు.

నవంబర్ 17, సోమవారం

మళ్ళీ చేశారు. 5.9. కరీంనగర్‌లో మూత్రరోగాల డాక్టరుకు రాసిచ్చారు.

నవంబర్ 20, గురువారం

దవాఖానలో ముద్ర వేయించుకుంటుంటే ముత్యం కనబడ్డాడు. జమున తమ్ముడు. కాసిపేట నుంచి నెలనెలా షుగర్ గోళీలకు వస్తాడు. నా చేతిలో కాగితం గుంజుకుని చదివాడు.

“కరీంనగర్ రాసిన్రా బావా? పెద్దదేనా?”

“ఏం లేదు. మామూలు పరీక్ష.”

“మామూలు దానికి కరీంనగర్ రాస్తరా? నాకు రాసినప్పుడు నువ్వే కదా అన్నవ్, ఇగ నీకు బోర్డే దిక్కని.”

మెడికల్ బోర్డు వాళ్ళు అన్‌ఫిట్ అంటే తండ్రి ఇంటికి, కొడుకు బాయికి. ముత్యం అట్లానే నౌకరి నుంచి దిగిపోయాడు, వాడి కొడుకు ఇప్పుడు కాసిపేట బాయిలో ఉన్నాడు. మా కొడుకు రుత్విక్‌కు పర్మనెంటు నౌకరి లేదు. పెద్దపల్లిలో బ్యాటరీ స్కూటర్ల షోరూంలో పనిచేస్తూ అక్కడే రూము తీసుకుని ఉంటున్నాడు.

“మీ అక్కకు చెప్పకు” అన్నాను.

“నాకెందుకు బావా” అన్నాడు.

నవంబర్ 27, గురువారం

కరీంనగర్ పోయివచ్చాను. జమునతో యూనియన్ మీటింగ్ అని చెప్పాను.

డాక్టరు పేరు భావ్య. మంథని వాళ్ళట. మా రుత్విక్ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. వేలితో చేసే పరీక్ష ఒకటి ఉంది. దాని గురించి రాయను. ఆ పిల్లకు లేని సిగ్గు నాకెందుకని కళ్ళు మూసుకుని పడుకున్నాను.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని నా వయసు, రక్తం లెక్క, గ్రంథి సైజు, ఇంట్లో ఎవరికైనా ఉందా లేదా, అన్నీ అడిగి కొట్టింది.

“ఇవన్నీ కలిపితే మీ రిస్కు పన్నెండు శాతం వస్తోంది సదానందం గారు. పది దాటితే మేం ముక్క తీసి పరీక్ష చేసే సంగతి మాట్లాడతాం.”

ఆ తర్వాత కూడా చాలాసేపు మాట్లాడింది. తల ఊపాను. పన్నెండు అన్న తర్వాత నా చెవికి ఏదీ ఎక్కలేదు. ఎం.ఆర్.ఐ.కి కాగితం రాసిచ్చింది. జేబులో పెట్టుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తెరిచే ఉంచాను.

గాలిలో గ్యాస్ ఒకటీ పావు శాతం వస్తే కరెంటు తీసేయాలి, మనుషులను బయటికి పంపాలి. అది రూలు. ఐదు నుంచి పదిహేను మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పన్నెండు శాతం నేను మీటరు మీద ఎప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు రిపోర్టు రాయడానికి మిగలరు.

పన్నెండు వచ్చిన చోట సర్దార్‌కు పని ఒక్కటే. మనుషులను తీసేసి, దారికి రెండు కట్టెలు అడ్డం కట్టి, లోపలికి ఎవరినీ పోనివ్వకుండా ఉండాలి.

నవంబర్ 28, శుక్రవారం

డ్యూటీ చేశాను. గ్యాస్ 0.2. అంతా బాగుంది.

నవంబర్ 30, ఆదివారం

జమున వాళ్ళ అవ్వకు మోకాళ్ళ నొప్పి. ముసలామె కాసిపేటలో ముత్యం దగ్గర ఉంటుంది.

“పోయి కొన్ని దినాలు ఉండిరా” అన్నాను.

“గా మోకాళ్ళు నా పెండ్లికి ముందటి నుంచి నొస్తున్నయ్. నీకు గిప్పుడు యాదికొచ్చినయా?”

“పెద్దమనిషి. ఒక్కతే బిడ్డవు.”

“నీకు వంటెవలు చేస్తరు?”

“క్యాంటీన్ ఉంది.”

“క్యాంటీన్ల పప్పు తిని గిన్నె ఇసిరికొట్టింది ఎవలో?”

“గప్పుడు వంటాయన వేరే.”

కాసేపు నా మొహం చూసింది. ఇంకేం అడగలేదు. అడగకపోవడం ఆమెకు అలవాటు లేదు. సంచి సర్దుకుంటూ, “పంపుతున్నవ్ కాబట్టి పోతున్న” అంది.

బస్టాండ్ దాకా పోయి ఎక్కించి వచ్చాను. ముత్యం ఉన్న ఇల్లు కదా అని తర్వాత అనిపించింది. చెప్పనన్నాడు కదా.

రుత్విక్‌కు ఫోన్ చేసి, ఈ ఆదివారాలు రావద్దు, నాకు డ్యూటీలు పడుతున్నాయి అని చెప్పాను. ఆదివారం డ్యూటీలు నాకు ఈ మధ్య పడటం లేదు.

డిసెంబర్ 2, మంగళవారం

ఇల్లు బాగుంది. చప్పుడు లేదు. ఎవరితోనూ మాట్లాడే పనిలేదు. విడిచిన బట్టలు విడిచినట్టే ఉతుక్కుంటున్నాను.

డిసెంబర్ 3, బుధవారం

ఇల్లు బాగుంది.

డిసెంబర్ 4, గురువారం

రుత్విక్ ఫోన్ చేశాడు.

“బాపు, అమ్మ మామోళ్ళింట్ల ఎందుకున్నది? కొట్లాడిన్రా?”

“లేదురా. అమ్మమ్మకు బాగలేదు.”

“అమ్మమ్మ మంచిగనే ఉంది. నాతోని ఫోన్ల మాట్లాడింది. నీకే ఏదో అయిందంటాంది అమ్మ.”

“నాకేమైతది?”

“మరి నేనొస్త.”

“నైట్ షిఫ్టు ఉంది, ఇంట్ల ఉండ” అన్నాను. ఫస్ట్ షిఫ్టులో ఉన్నాను.

ఇంట్లో ఒక కాకరకాయ ఎండిపోయి ఉంది. జమున కొనిపెట్టిపోయింది. పారేయబుద్ధి కాలేదు. వండటం రాదు.

డిసెంబర్ 7, ఆదివారం

ఎం.ఆర్.ఐ. కాగితం అల్మారాలో ఉంది. కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది, ఎప్పుడు వస్తారని. డ్యూటీ ఉందన్నాను.

బొగ్గు తీసేసిన చోట్లను గోడ కట్టి మూసేస్తాం. లోపల ఏముందో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే మళ్ళీ తెరిచి చూడం. చూస్తే లోపలికి గాలి పోతుంది, గాలి పోతే అంటుకుంటుంది. మూసి ఉన్నన్ని నాళ్ళు దాని పాటికి అది ఉంటుంది.

నేను చేస్తున్నదీ అదే. ఇందులో భయం ఏమీ లేదు.

డిసెంబర్ 9, మంగళవారం

షిఫ్టు దిగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. జమున వంటింట్లో ఉంది. చెప్పులు విప్పుతుంటే అక్కడి నుంచే అంది.

“కాకరకాయ ఏంది, దేవునికి పెట్టినవా?”

“ఎప్పుడొచ్చినవ్?”

“నువ్వు క్యాన్సర్ దాచిపెట్టుకుని కూసున్న నాడే రావాల్సింది. గిప్పుడొచ్చిన.”

చెప్పు చేతిలోనే ఉండిపోయింది.

ముత్యం చెప్పాడట. ఓదార్చడానికే చెప్పాడట. “అక్కా, ఫికర్ చెయ్యకు. బావకు అన్‌ఫిట్ అయితది, పిలగానికి నౌకరి ఖాయం” అని. ముత్యం చెడ్డవాడు కాదు. ఈ బొగ్గుబాయిల ఊళ్ళలో తండ్రి రోగంలో కొడుకు నౌకరి చూడటం అందరికీ అలవాటైంది. కరీంనగర్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఆ లెక్క నేను కూడా వేశాను. అది ఆ రోజు రాయలేదు.

“వాని నోట్లె మన్నువడ” అంది జమున. “అన్నం పెడుతుంటే చెప్పిండు. శుభవార్త లెక్క! నా మొగనికి రోగమని నాకు వాడు చెప్పాల్నా?”

“రోగమని ఎవలూ చెప్పలే ఇంకా.”

“మరి ఏం చెప్పిన్రు?”

“పన్నెండు శాతం అన్నరు.”

“పన్నెండంటే?”

చేతిలో చెప్పును తిప్పి చూశాను.

“పన్నెండంటే పన్నెండే” అన్నాను.

“గదేం జవాబు? బియ్యమా, ఉప్పా? దేంట్ల పన్నెండు?”

నాకు తెలుసు అనుకున్నాను. ఆమె అట్లా అడిగేసరికి దేంట్లోనో నేను చెప్పలేకపోయాను.

ఆమె పొయ్యి కట్టేసి వచ్చింది. నా చేతిలో చెప్పు తీసుకుని కింద పెట్టింది.

“సోమవారం కరీంనగర్ పోదాం, నేనూ వస్త. నువ్వు మాట్లాడకున్నా నడుస్తది. నేనడుగుత.”

డిసెంబర్ 15, సోమవారం

ఇద్దరం పోయాం. జమున ఎర్ర అంచు చీర కట్టుకుంది. డాక్టరు జమునను చూసి కుర్చీ చూపించింది. జమున కూర్చోకుండానే అడిగింది.

“డాక్టరమ్మా, పన్నెండంటే ఏంది? ఈయన చెప్పడు.”

డాక్టరు నా వైపు చూసింది. “నేను ఆ రోజు చెప్పాను కదండీ. మీకు ఎట్లా అర్థమైంది?”

నేను నేల చూస్తూ చెప్పాను. “మాది బొగ్గు బాయి మేడం. నేను గ్యాస్ చూస్త. ఐదు నుంచి పదిహేను నడుమ ఉంటే పేలుతది. పన్నెండంటే మాకాడ సీదా మనుషులను బయటికి పంపిస్తం.”

డాక్టరుకు సగమే అర్థమైనట్టుంది. జమునకు మొత్తం అర్థమైంది.

“గందుకా నన్ను కాసిపేట పంపినవ్?”

నేను చేతిలోని ఎం.ఆర్.ఐ. కాగితాన్ని మడతపెట్టాను.

“పోరన్ని రావద్దన్నది గందుకేనా?” డాక్టరు వైపు తిరిగింది. “సూడు బిడ్డా, ఈయనేమో పేలుతడంట. మేము దూరముండాల్నంట. ముప్పై ఏండ్ల సంసారం చేసి గిదీ నేను నేర్పింది!”

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. జమున నవ్వలేదు. చెంగుతో ముక్కు తుడుచుకుని కూర్చుంది.

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈసారి నెమ్మదిగా చెప్పింది. నేను విన్నాను. విన్నది రాసి పెట్టుకుంటున్నాను.

“పన్నెండు శాతం మీ ఒంట్లో లేదు సదానందం గారు. మిమ్మల్ని కొలిచి చెప్పింది కాదు అది. మీ వయసు, మీ రక్తం లెక్క, మీ గ్రంథి సైజు ఉన్న మగవాళ్ళను వందమందిని వరసగా నిలబెట్టామనుకోండి. అందరికీ ముక్క తీసి చూస్తే, వాళ్ళలో పన్నెండు మందికి వైద్యం చేయాల్సిన క్యాన్సర్ దొరుకుతుంది. ఎనభై ఎనిమిది మందికి దొరకదు.”

“నేను ఎటు మేడం?”

“అది ఈ నంబరుకు తెలియదు. నాకూ తెలియదు.”

“పన్నెండు మంది సచ్చిపోతరా బిడ్డా?” అని జమున అడిగింది.

“లేదమ్మా. వాళ్ళకు వైద్యం చేస్తాం. ముందుగా దొరికితే చాలామందికి బాగవుతుంది.”

నాకు మా షిఫ్టు గుర్తుకొచ్చింది. వందమందిమీ దీపాలు పెట్టుకుని దిగుతాం. పై నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. అందరివీ దీపాలే. గ్యాస్ అయితే అందరి ముక్కులోకీ ఒకటే శాతం పోతుంది. ఇది అట్లా కాదు. పన్నెండు మందికి మొత్తం ఉంటుంది, మిగిలినవాళ్ళకు ఏమీ ఉండదు. ఎవరికీ పన్నెండు పాళ్ళు ఉండవు. ఇంత చిన్న తేడా. ఇన్నాళ్ళు నేను నిండా పన్నెండు పాళ్ళు మోస్తూ తిరిగాను.

“మరి పది దాటితే అన్నరు. గా పది ఎవలు పెట్టిన్రు?”

“డాక్టర్లమే పెట్టుకున్నాం. కొందరు పది అంటారు, కొందరు పదిహేను అంటారు. ఒంట్లో ఎక్కడా అట్లాంటి గీత లేదు. గీత కిందికి జరిపితే క్యాన్సర్ తప్పిపోయేవాళ్ళు తగ్గుతారు. కానీ ఏమీ లేకుండానే సూదులు పొడిపించుకునేవాళ్ళు పెరుగుతారు. పైకి జరిపితే దానికి ఉల్టా. ఎక్కడ ఆగి ఇంకో పరీక్ష చేయాలో చెప్పడానికే అది.”

ఒకటీ పావు దగ్గర గ్యాస్ పేలదు. ఐదు దాకా పేలదు. అయినా మేం ఒకటీ పావు దగ్గరే ఆపేస్తాం. ఆ గీత ప్రమాదం కాదు, ఆగి చూడమనే చోటు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పింది నేనే. నా దాకా వచ్చేసరికి ఒక గీతను ఇంకో గీత అనుకున్నాను.

ఎం.ఆర్.ఐ. గురువారం చేయించుకుంటానని చెప్పి వచ్చాం. పార్కింగ్ దగ్గర సోడా తాగాం. జమున నాతో మాట్లాడలేదు. సోడా మాత్రం సగం తాగి నాకిచ్చింది.

డిసెంబర్ 18, గురువారం

ఎం.ఆర్.ఐ. అయింది. సొరంగంలోకి పంపినట్టే పంపారు. భయపడతారేమో అని అక్కడి అబ్బాయి ధైర్యం చెప్పాడు. మంచివాడు.

లోహం ఏదీ ఉండొద్దన్నారు. నా మొలతాడు వెండిది. పెళ్ళయ్యాక ఎప్పుడూ తీయలేదు. తీసి జమునకు ఇస్తే గుప్పిట్లో పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. నేను వచ్చేదాకా గుప్పిట విప్పలేదట. అరచేతిలో గొలుసు అచ్చు పడి ఉంది.

“ఇటు తిరుగు” అని, జనం చూస్తుండగానే అంగీ కిందికి చేతులు పోనిచ్చి కట్టింది.

డిసెంబర్ 21, ఆదివారం

రుత్విక్ వచ్చాడు. వాళ్ళ అమ్మ అన్నీ చెప్పేసింది. తిన్నాక చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“బాపు, మామ నాకు కూడ ఫోన్ చేసిండు. నీ రోగం మీద వచ్చే నౌకరి నాకొద్దు.”

“ఇస్తమన్నది ఎవలురా? నన్ను చూస్తే బోర్డోళ్ళు నవ్వుతరు. ఇంకో ఇద్దరిని మోసేటట్టున్నవ్ పో అంటరు.”

వాడు నవ్వలేదు. టవల్ వంక తిరిగి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. పోయేటప్పుడు బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, “వచ్చే ఆదివారం డ్యూటీ ఉందా?” అని అడిగాడు.

“లేదు” అన్నాను.

డిసెంబర్ 29, సోమవారం

ఎం.ఆర్.ఐ.లో పెద్ద అనుమానం ఏమీ లేదట. ఒకచోట తేలని మచ్చ ఉంది. గ్రంథి అనుకున్నదానికంటే పెద్దగా ఉంది, రక్తం లెక్క పెరిగింది దానివల్లే కావచ్చట. ఇవి కూడా కలిపితే రిస్కు తొమ్మిదికి దిగింది.

“పది లోపలే ఉంది కద మేడం. ఇగ సేఫే” అన్నాను.

“తొమ్మిదికీ పదకొండుకీ మధ్య గోడ ఏమీ లేదు సదానందం గారు. పన్నెండు ఉన్న రోజు మీరు పేలలేదు. ఇవాళ తొమ్మిది అని తాళం వేసి పోయేదీ లేదు.”

“మరి ఏం చెయ్యాలె?”

“రెండు దారులున్నాయి. ఇప్పుడే ముక్క తీసి చూడొచ్చు. లేదా ఆరు నెలలకోసారి రక్తం చూస్తూ ఉండొచ్చు, లెక్క ఎగిరితే అప్పుడు తీయొచ్చు. రెండూ తప్పు కాదు. గీత దగ్గర ఉన్నప్పుడు మనిషిని అడగాలి. మీకు దేనికి ఎక్కువ భయం?”

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. సర్దార్‌ను అడగరు. ముందు పోయేది అతనే కదా.

జమున పక్కనే ఉంది. బయటికి పొమ్మందామా అనుకున్నాను. అనలేదు.

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. మొదలుపెట్టాక తొందరగా ఆగలేదు. బయట నంబర్లు పిలిచే అమ్మాయి ఒకసారి తలుపు తీసి మళ్ళీ వేసింది.

చివరికి ఆగుదామనే అనుకున్నాం, ముగ్గురం కలిసి. జూన్‌లో రక్తం. లెక్క ఎగిరితే సూదికి నేను సాకులు చెప్పొద్దు. ఆ షరతు జమున పెట్టింది. డాక్టరు కాగితం మీద జూన్ అని రాస్తుంటే, “గా షరతు కూడ రాయి బిడ్డా, ఈయన మాట మార్చే మనిషి” అంది.

బస్సులో పెద్దపల్లి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత అంది.

“నేను ఒక్కదాన్నయిపోతనా?”

“ఊ.”

“నీకు క్యాన్సరని కాదు, నేను ఒక్కదాన్నయితనని భయమా?”

“గదే చెప్పిన కద.”

“గందుకని ముందుగాల నువ్వే ఒక్కదాన్ని చేసి పంపినవ్, అలవాటైతదని.”

అట్లా నేను ఆలోచించలేదు. ఆలోచించే ఉంటాను.

“కాకరకాయ గూడ వండుకోరాదు” అంది. “ఒక్కడివైతే నీ గతేందో గది ఆలోచించు.”

ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. జమున అతన్ని ఏదో దారి అడగబోతున్నట్టు మొహం పెట్టింది.

జనవరి 3, శనివారం

కొత్త డైరీ ఇచ్చారు. ఈ పాతదానిలోనే వెనక పేజీలు మిగిలి ఉన్నాయి, ఇక్కడే రాస్తున్నాను. కొమురెల్లి ఏమైందని అడిగితే దాచకుండా చెప్పాను. తొమ్మిది అంటే వందమందిలో తొమ్మిది మంది అని చెప్పాను.

“మన షిఫ్టుల అయితే ఎవలెవలు అన్నా?” అన్నాడు వేలు మడుస్తూ.

“నువ్వు మొదలు” అన్నాను.

తర్వాత వాళ్ళ కాక సంగతి అడిగాను. చెప్పాడు. పూర్తిగా విన్నాను.

జనవరి 18, ఆదివారం

మేడారం జాతర దగ్గరికొచ్చింది. బజారులో బెల్లం దుకాణాల ముందు కాంటాలు కట్టారు. మొక్కున్నవాళ్ళు నిలువెత్తు బంగారం తూయించుకుంటున్నారు. తల్లులకు ఇచ్చే బెల్లాన్ని ఈ దిక్కు బంగారమనే అంటారు. మనిషి ఎంత బరువుంటే అంత.

నాకు టోపీ కొనాలని జమున బజారుకు తీసుకుపోయింది. టోపీ కొనలేదు. కాంటా ముందు నిలబెట్టి, “కూసో” అంది.

“ఎవలకు మొక్కు?”

“నీకే. కాసిపేటల మొక్కిన. ముత్యం గాడు చెప్పిన పూట, చెయ్యి కడుక్కోకముందే మొక్కిన.”

“తగ్గాల్నని మొక్కినవా? తగ్గలే కద ఇంకా. జూన్ దాక తెల్వదు. తీరకముందే ఇస్తరా మొక్కు?”

“తగ్గాల్నని ఎవలు మొక్కిన్రు? రోగం సంగతి డాక్టరమ్మ చూసుకుంటది. నువ్వు నోరు తెరిచి నాతోని చెప్పాల్నని మొక్కిన. గది తల్లుల వల్లనే అయితది, ఇంకెవలతోని కాదు.”

దుకాణాయన నవ్వాడు. ఆధార్ కార్డు అడిగాడు, జాతర బెల్లం సారా బట్టీలకు పోకుండా అడుగుతారు. జమున కొంగులోంచి నా కార్డు తీసి ఇచ్చింది. ఇంటి దగ్గరే తీసి పెట్టుకుంది.

చెప్పులు విప్పి పళ్ళెంలో కూర్చున్నాను. కాళ్ళు పళ్ళెం బయటికి వదిలాను, మునివేళ్ళు నేలకు తగులుతూనే ఉన్నాయి. రెండో వైపు దుకాణాయన బెల్లం దిమ్మలు పెడుతూ పోయాడు. ఎల్లన్న కొడుకు, మా క్వార్టర్ల లైనులోనే ఉంటాడు, ఫోన్‌తో ఫోటో తీశాడు. ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఏం మొక్కు అని ఒకామె అడిగితే జమున చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. నేను అడ్డుపడలేదు.

కాంటా సమానంగా వచ్చింది.

“ఇగ సాలు” అన్నాను. “సమానమైంది.”

“తొందరేంది? తీరిన మొక్కు, నిండుగ ఉండాలె” అని జమున ఇంకో దిమ్మ తీసుకుని తన చేత్తోనే పెట్టింది. నా వైపు పళ్ళెం పైకి లేచింది. మునివేళ్ళు నేలను వదిలాయి.